కవరు కింద కారు

ఆ రోజుల్లో నాకు తెలివి ఎక్కువ. ఎంత ఎక్కువంటే, ఎదుటి మనిషి నోరు తెరవకముందే అతను చెప్పబోయేది తప్పని నాకు తెలిసిపోయేది. ఇరవై ఐదేళ్ల వయసు, నంద్యాలలో విత్తనాల కంపెనీలో ఉద్యోగం, ఆళ్లగడ్డలో సొంతిల్లు, ఆ ఇంటి ముందు కొత్త కారు. ఈ నాలుగూ ఒకే మనిషికి ఒకేసారి దక్కితే ఆ మనిషి బాగుపడడు. నేనూ బాగుపడలేదు. ఇప్పుడు ఎవరైనా కుర్రాడు కారు తాళాలు వేలికి తిప్పుకుంటూ "ముట్టుకోవద్దు అంకుల్, వారంటీ పోతుంది" అంటే నాకు నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది. ఆ మంట వాడి మీద కాదని, ఏడేళ్ల కిందటి నా మీదేనని కాసేపటికి గుర్తొచ్చి, అప్పుడు కొంచెం చల్లబడతాను.

కారు నేనే కొన్నానని ఊరంతా చెప్పుకున్నాను గానీ, నిజానికి దాన్ని కొన్నది నాయన ట్రాక్టరు. మోకాళ్లు అరిగిపోయి ఇక క్లచ్ తొక్కడం తన వల్ల కాదని నాయన దాన్ని అమ్మేసి, ఆ డబ్బు నా చేతిలో పెట్టి, "కారు తీసుకోరా. ఎప్పుడో ఒకరోజు ఆపరేషన్ తప్పదంటాండారు. నన్ను నంద్యాలకు తిప్పనీకి పనికొస్తాది" అన్నాడు. ఆ ట్రాక్టరును పందొమ్మిదేళ్లు బతికించింది మా మామ (అమ్మకు సొంత తమ్ముడు). రుద్రవరం పోయే దారిలో ఆయనకో రేకుల షెడ్డు ఉంది. చుట్టుపక్కల ట్రాక్టర్లన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి. షెడ్డు తలుపు లోపలి వైపు రేకే ఆయన పుస్తకం. ఎవరి ట్రాక్టరు మీటరు ఎన్ని గంటలకు వస్తే మళ్లీ ఆయిలు మార్చాలో సుద్దముక్కతో దాని మీద రాసిపెట్టేవాడు. ట్రాక్టరుకు ఇంజను ఎన్ని గంటలు తిరిగిందన్నదే లెక్క. బండి నిలబడితే మీటరూ నిలబడుతుంది, మీటరు నిలబడితే సర్వీసూ నిలబడుతుంది. నేను పుట్టి పెరిగింది ఈ లెక్కలో. తర్వాత జరిగినదానికి నా తరఫున చెప్పుకోవడానికి ఉన్న సాకు ఇదొక్కటే కాబట్టి ముందే చెప్పి పెట్టుకుంటున్నాను.

జూన్ నెలలో కారు ఇంటికొచ్చింది. చర్చి అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశారు. (ఆయన ఉంగరం గీత పెడుతుందేమోనని కళ్లు తెరిచి దాని వంకే చూస్తూ ఆమేన్ చెప్పాను. దేవుడు క్షమించాడనే అనుకుంటున్నాను.) చుట్టాలంతా ఒక్కొక్కరే లోపల కూర్చుని, సీటు మీద చెయ్యి రాసి, దిగి, టీ తాగి వెళ్లారు. మామ మాత్రం కారు ఎక్కలేదు. షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "పుస్తకం ఇచ్చినారా అల్లుడూ?" అన్నాడు. వారంటీ పుస్తకం ఇచ్చాను. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి ఆ ఇంగ్లీషు పుస్తకాన్ని ఏం చేసుకుంటాడా అని చూస్తే, మా అత్తను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమె బడిలో టీచరు. ఒక్కో వాక్యం ఆమె తెలుగులో చెప్పడం, ఈయన తలూపడం. మేమందరం భోజనాలు ముగించి చేతులు కడుక్కున్నా వీళ్ల పారాయణం అవలేదు.

అంతా అయ్యాక పుస్తకం నా చేతికిస్తూ మామ అన్నాడు: "ఈ పుస్తకంల చేయమన్నెవన్నీ కంపెనీ వాళ్ల దగ్గరనే చేయిచ్చు, ముద్ర వేయిచ్చుకో. ఆడ బేరం లేదు. కడగడం, టైర్లు, అలైన్‌మెంటు, వైపర్లు... ఇవి యాడ చేయిచ్చుకున్యా వారంటీకి ఏం కాదు. వాటికి కూడా షోరూముకు పోయి దుడ్లు పోసుకోవాకు. ఇచ్చిన ప్రతి కాగితం దాచిపెట్టు."

నేను చాలా ఓపికగా, పిల్లాడికి చెప్పినట్టు చెప్పాను: "మామా, ఇది ట్రాక్టర్ కాదు."

"అవునప్పా, కాదు," అన్నాడు మామ. "అందుకే చదివిచ్చుకున్యా."

ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు. నేను కారు కవరు కొనడానికి వెళ్లిపోయాను.

నెల తిరగగానే మొదటి ఉచిత సర్వీసుకు నంద్యాల వెళ్లాను. చల్లటి గది, మెత్తటి సోఫా, మీట నొక్కితే కాఫీ. ఆ గదిలో మెడకు టై కట్టుకున్న ఒకతను (పేరు అడిగి తెలుసుకున్నాను గానీ, మా ఇంట్లో ఆయన పేరు టై అన్నగానే స్థిరపడింది) నన్ను "సార్" అన్నాడు. మా కంపెనీలో గేటు దగ్గర వాచ్‌మన్ కూడా నన్ను "ఒరే అబ్బీ" అనే పిలిచేవాడు. ఒక్క సార్‌కు నేను మెత్తబడ్డాను, రెండో సార్‌కు కరిగిపోయాను. మూడో సార్‌తో పాటు అతను ఒక కాగితం ముందు పెట్టాడు. కారు అడుగున పూత, పైన పూత, ఇంజను లోపల శుభ్రం చేసే మందు, ఏసీలో క్రిములు చంపే మందు. నెల రోజుల కారు ఏసీలో క్రిములు ఎక్కడివి అని అడగాలని నాకు తట్టలేదు. "ఇవన్నీ చేయిస్తేనే వారంటీనా?" అని మాత్రం అడిగాను. టై అన్న అటు అవుననీ అనలేదు, ఇటు కాదనీ అనలేదు. "బయట ఎవరి చెయ్యి పడినా మాత్రం వారంటీ పోతుంది సార్" అన్నాడు, గొంతు తగ్గించి, ఏదో అంటురోగం గురించి చెబుతున్నట్టు. అన్నిటికీ సంతకం పెట్టాను. ఉచిత సర్వీసు అంటే పని ఉచితం, ఆయిలుకు మాత్రం ఇస్తే చాలు. ఆ చాలును నేను ఎంత దూరం లాగానో ఇక్కడ రాయను. ఇంట్లో అమ్మ ఈ పత్రిక చదువుతుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో కారు చట్టం అమల్లోకి వచ్చింది. బానెట్ ఎవరూ తెరవకూడదు. మామ అసలు కారుకు నాలుగడుగుల లోపలికి రాకూడదు. వైపర్ నీళ్లు అయిపోతే, బానెట్ తెరిస్తే అదెక్కడ 'బయటి చెయ్యి' అవుతుందో అని నేనే భయపడి, దారిలో కారు ఆపి, తాగే నీళ్ల సీసా అద్దం మీద పోసి రుమాలుతో తుడిచేవాణ్ణి. అన్నిటికన్నా గొప్ప సంగతి, నేను ఉద్యోగానికి బస్సులో వెళ్లేవాణ్ణి. కిలోమీటర్లు పెరిగితే వారంటీ తరుగుతుందని నా సిద్ధాంతం. పొద్దున్నే కారు మీది కవరు ముడులు సరిచూసి, దాని ముందు నుంచే నడిచి బస్టాండుకు పోయి, శిరివెళ్ల దాకా నిలబడి, అక్కడ సీటు దొరికితే కూర్చుని నంద్యాల చేరేవాణ్ణి. "కారు పెట్టుకోని బస్సుకు పోయేటోన్ని నిన్నే సూస్తాండా" అనేవాడు నాయన. నేను జాలిగా నవ్వేవాణ్ణి. ఆదివారం చర్చికి, నెలకోసారి శిరివెళ్లలో పెద్దమ్మ ఇంటికి, అంతే కారు భాగ్యం.

ఇంతకీ కంపెనీలో నా పని ఏమిటో చెప్పలేదు. విత్తనాల సంచుల మీద గడువు తేదీ చీటీలు సరిగ్గా పడ్డాయో లేదో చూడటం. గడివేముల నుంచి ఒక రైతు వచ్చి, "మూట ఇప్పనేలేదు గదప్పా, గడువు ఎట్ల తీరుతాది?" అని గొడవపడితే, "విప్పినా విప్పకున్నా తేదీ దాటితే దాటినట్టే పెద్దాయనా" అని ఆయనకు పాఠం చెప్పి పంపించాను కూడా. చెప్పి, సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చి, విప్పని మూటలాంటి నా కారును చూసుకుని మురిసిపోయాను.

డిసెంబరులో టై అన్న ఫోన్ చేశాడు. క్రిస్మస్ ఆఫరట. లోపలా బయటా మెరుగు పెట్టి, సీట్లు శుభ్రం చేసి, సెంటు కొట్టిస్తారట. నేను ఆ వారమే కారు తీసుకెళ్లి, పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకున్నాను. కారు అద్దంలా మెరిసింది నిజమే. ఆ సెంటు మాత్రం కుళ్లబోయే ముందు అనాసపండు వాసన. క్రిస్మస్ ఆరాధనకు ఆ కారులో వెళ్లిన అమ్మ, వాక్యం చదివినంతసేపూ తుమ్ముతూనే ఉంది. బిల్లు మందంగా, నున్నగా ఉంది. నేను డైనింగ్ టేబుల్ మీద పడేశాను, తర్వాత దాని సంగతి మర్చిపోయాను.

మెరుగు పెట్టించిన మర్నాడే నాలుగు రోడ్ల కాడ మామ కనిపించాడు. టీ అంగడి దగ్గర నుంచి చెయ్యి ఊపుతూ, రోడ్డు దాటి, దాదాపు పరుగు మీద వచ్చాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజు. ఆ చెయ్యి నా తలుపు మీదికి వస్తోంది. నేను చటుక్కున మీట నొక్కాను, అద్దం పైకి లేచింది. మామ బయట ఏదో చెబుతున్నాడు, చెయ్యి ఎత్తి వేళ్లు చూపిస్తున్నాడు, ఒక చేతివి ఐదు, రెండో చేతిది ఒకటి. నేను లోపలి నుంచి "సరే మామా, సరే సరే" అని తలూపి, నవ్వి, బండి పోనిచ్చాను. వెనక అద్దంలో ఆయన చెయ్యి ఇంకా ఎత్తే ఉంది. హమ్మయ్య, మెరుగు దక్కింది అనుకున్నాను.

ఏప్రిల్‌లో నాయన మోకాలి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. నంద్యాల డాక్టరు ముందే గట్టిగా చెప్పాడు, ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఆటోలో, బస్సులో కుదిపి తీసుకెళ్లొద్దు, కారులో ముందు సీటు వెనక్కి జరిపి కాలు చాపి కూర్చోబెట్టాలని. నాయన మొదటిసారి నా వంక గర్వంగా చూశాడు. "మనకు కారు ఉండాది సార్" అన్నాడు డాక్టరుతో. ఆ మాట నా చెవుల్లో ఇంకా ఉంది.

ఆపరేషన్ ఇంకా వారం ఉందనగా కారు స్టీరింగు బిగుసుకుపోయింది. మీటరు దగ్గర పసుపు దీపం వెలిగింది. రెండు చేతులతో, పళ్లు బిగించి తిప్పితే తప్ప చక్రం కదలడం లేదు. నాయన మామకు కబురు పెట్టాడు. మామ వచ్చి, "బానెట్ తియ్యి, ఊరికే సూస్తా" అన్నాడు. "వద్దు మామా, వారంటీ" అన్నాను. మామ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "సరేప్పా, ముట్టుకోను" అని నిలబడ్డాడు. మామను వద్దన్న ఆ మాట నేను పక్కవాళ్ల ఎదురుగా అన్నాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు సిగ్గుగానే ఉంది.

కుస్తీ పట్టుకుంటూ నంద్యాల చేరాను. టై అన్న కంప్యూటర్ చూసి, పెదవి విరిచాడు. "స్టీరింగు మోటార్ పోయింది సార్. మొత్తం మార్చాలి. కానీ మీరు రెండో సర్వీస్ చేయించుకోలేదు. వారంటీ కింద రాదు."

"రెండోది ఐదు వేల కిలోమీటర్లకు కదా! నాది రెండు వేలు కూడా తిరగలేదు!"

"ఐదు వేల కిలోమీటర్లు లేదా ఆరు నెలలు సార్. ఏది ముందైతే అది. మీ బండి తిరగలేదు, నెలలు తిరిగాయి."

"నడవని బండికి సర్వీసు ఏందప్పా!" అని అరిచాను. ఆ చల్లటి గదిలో నా నోటి నుంచి మా ఊరి మాట రావడం అదే మొదటిసారి. సోఫాలో కూర్చున్నవాళ్లంతా కాఫీ కప్పులు దించి చూశారు. టై అన్న బాగు చేయడానికి అయ్యే ఖర్చు చెప్పాడు. నేను ఆ సోఫాలోనే కూలబడ్డాను. గడివేముల రైతు గుర్తొచ్చాడు. ఆయనకు నేను చెప్పిన పాఠం పొల్లు పోకుండా నాకే తిరిగొచ్చింది.

కారు అక్కడే వదిలి బస్సులో ఇంటికొచ్చాను. (బస్సు ప్రయాణానికి అప్పటికే బాగా అలవాటు పడి ఉన్నాను కదా.) విషయం విని నాయన తిట్టలేదు. "పోనీలేరా. ఆటోలో దుప్పటి పరుచుకోని వస్తాలే, యాభై కిలోమీటర్లు కూడా లేదు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మనిషి పందొమ్మిదేళ్లు తోడున్న ట్రాక్టరు అమ్మింది ఆటోలో దుప్పటి మీద ఇంటికి రావడానికా? నేను చెప్పులు వేసుకుని షెడ్డుకు నడిచాను. కారు వచ్చాక ఆ షెడ్డు గడప తొక్కడం అదే మొదటిసారి.

మామ అంతా విన్నాడు. స్పానర్లు తుడుస్తూనే అడిగాడు: "డిసెంబర్ల నీ కారు సెంటు వాసన ఊరంతా కొట్టింది గదా. ఆ సెంటు యాడ కొట్టిచ్చినావ్?"

"అక్కడే, నంద్యాలలో. వాళ్ల దగ్గరే."

మామ చేతిలో గుడ్డ ఆగింది. "బిల్లు ఇచ్చినారా?"

ఆ బిల్లు కోసం ఇల్లంతా తిరగేశాం. బీరువాలో లేదు, నా ఫైలులో లేదు. (నా ఫైలులో సెంటు సీసా ఖాళీ డబ్బా మాత్రం ఉంది.) చివరికి అమ్మ, "మందంగా నున్నగా ఉండెనే, ఆ కాగితమా?" అని తన బైబిలు తెచ్చి, కీర్తనల మధ్య నుంచి దాన్ని తీసింది. చర్చి స్త్రీల సమాజంలో పాడాల్సిన పాటల నంబర్లు దాని వెనక రాసుకుందట, మంచి కాగితం పారేయడం ఎందుకని. బిల్లు మీద తేదీ ఉంది, కిలోమీటర్లు ఉన్నాయి, కంపెనీ ముద్ర ఉంది. ఆరు నెలల గడువు తీరడానికి ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.

మర్నాడు మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నంద్యాలలో టై అన్నను దాటుకుని, నేరుగా మేనేజర్ గదిలోకి నడిచి, బిల్లు బల్ల మీద పెట్టాడు. మేనేజరు దాన్ని తిప్పి చూసి, "ఏంటండీ ఈ నంబర్లు?" అన్నాడు. "అవి పాటలు సార్, రెండో వైపు చూడండి" అన్నాను నేను, చెమటలు తుడుచుకుంటూ.

"సారూ, ఆ తేదీ సూడు," అన్నాడు మామ. గొంతు పెంచలేదు. "గడువు లోపలే బండి మీ ఇంట్లోనే ఉండాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. మావాడు తెలివితక్కువోడు, ఒప్పుకుంటా. వాని చేతికి పుస్తకం ఇచ్చినారు, వాడు సదవల్యా. మీరు ఇంతమంది ఉండారు. తుడిచినారు, రుద్దినారు, సెంటు కొట్టినారు. అబ్బీ, ఆయిలు మార్చే గడువు దగ్గరికొచ్చింది అని ఒక్క నోరన్నా చెప్పిందా? సెంటుకు గుర్తుచేసి పిలిచినారు, సర్వీసుకు పిలవల్యా. మరి తప్పినోడు వాడొక్కడేనా?"

మేనేజరు టై అన్న వంక చూశాడు. టై అన్న గచ్చు వంక చూశాడు. కాసేపు కంప్యూటర్లో వెతికి, "కంపెనీకి రాస్తాం. ముందు తప్పిపోయిన సర్వీస్ చేయించండి" అన్నారు. నాయన ఆపరేషన్ అయిన మర్నాడు ఫోన్ వచ్చింది. స్టీరింగు వారంటీ కిందే మారుస్తున్నారు. నేను సిగ్గుపడాల్సిన ఆ అనాసపండు సెంటే నా వారంటీని కాపాడింది. దాన్ని కొన్న నా తెలివికి అందులో ఏ భాగమూ లేదు. బిల్లు దాచింది అమ్మ, పుస్తకం చదివించుకున్నది మామ. కారు తీసుకోవడానికి వెళ్లినప్పుడు టై అన్న, అంత జరిగాక కూడా, "సార్, కొత్త స్టీరింగు కదా, దానికొక పూత..." అని మొదలుపెట్టాడు. మామ చేతులు వెనక్కి కట్టుకుని అతని వంక చూశాడు. పూత మాట మళ్లీ వినబడలేదు.

నాయన ముందు సీట్లో కాలు చాపుకుని దర్జాగా ఇంటికొచ్చాడు. ఆ తర్వాతి సర్వీసులకు మామ నన్ను ఊరి చివర ఉన్న అదే కంపెనీ చిన్న వర్క్‌షాపుకు తీసుకెళ్లాడు. సోఫా లేదు, కాఫీ లేదు, టై లేదు. ముద్ర మాత్రం అదే. పుస్తకంలో ఉన్న పని వాళ్లు చేశారు, లేనిది వద్దన్నాం, మిగతాది షెడ్డులో చేసుకున్నాం. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక ట్రాక్టరు, ఒక స్టీరింగు, ఒక మోకాలు కావలసి వచ్చాయి.

నాయన ఇంటికొచ్చిన రెండో రోజు కృతజ్ఞత చెబుదామని షెడ్డుకు వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక తలుపు వెనక రాతలు చూస్తూ నిలబడ్డాను. అన్నీ గంటలే. వాటి మధ్యలో, సగం చెరిగిపోయి, ఒకే ఒక్క దాని పక్కన గంటలకు బదులు నెల పేరు ఉంది: అల్లుని కారు, డిసెంబరు.

"ఇది ఎప్పుడు రాసినావ్ మామా?"

"పుస్తకం సదివిచ్చుకున్న పొద్దే."

"మరి నాకు చెప్పలేదే?"

మామ తల ఎత్తలేదు. "చెప్పనీకే వచ్చినా గదా, నాలుగు రోడ్ల కాడ. ఆరు నెలలు నిండుతాండాయి, పో అని. నువ్వు అద్దం ఎత్తుకున్యావు."

కోపంగా అనలేదు. ఏ నట్టు ఎక్కడ ఊడిందో చెప్పినట్టు చెప్పాడు.

వారంటీ తీరిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ బానెట్ ఎవరైనా తెరవొచ్చు, ఎక్కువగా మామే తెరుస్తాడు. ఎండాకాలంలో సీట్లు వేడెక్కితే అనాసపండు వాసన ఇంకా సన్నగా వస్తుంది, అప్పటి ఆ మహా తెలివిగలవాడు వెనక సీట్లో కూర్చుని ఉన్నాడేమో అనిపిస్తుంది. వాణ్ణి దించేద్దామంటే పాపం ఎక్కడికి పోతాడు, ఉండనీ అనుకుంటాను. రుద్రవరం దారిన పోయేటప్పుడు షెడ్డు ముందు మామ కనిపిస్తే చాలు, నా వేలు దానంతటదే మీట మీదికి పోతుంది. అద్దం పూర్తిగా దిగేదాకా బండి ఆపుతాను.

"ఏందప్పా, ఊరికే ఆగినావ్?" అంటాడు మామ.

"ఏమన్నా చెప్తావేమోనని."

"ఏం లేదు, పో," అంటాడు. అది కూడా విని, అప్పుడు కదులుతాను.